చిన్న సుత్తి దరువు

నేను ఒక చిన్న సుత్తిని. కిలో బరువు కూడా ఉండను. కొలిమి దగ్గర నన్ను చూసి ఎవరూ బెదరరు. బెదరాల్సింది సమ్మెటను చూసి. ఆరు కిలోల తల, నడుమెత్తు కర్ర. రెండు చేతులతో ఎత్తి దించితే ఎర్రగా కాలిన ఇనుము మైనంలా అణిగిపోతుంది. మరి నా పనేమిటంటారా? చెబితే నవ్వుతారు. నేను చూపిస్తాను, అంతే. ఎక్కడ కొట్టాలో, ఎప్పుడు కొట్టాలో ఇనుము మీద టింగుమని తాకి చూపిస్తాను. మరుక్షణం సమ్మెట ధన్నుమని అక్కడే పడుతుంది. టింగ్, ధన్. టింగ్, ధన్. ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె, దాగలి, దాని అంచు మీద రెండుసార్లు వరసగా మోగానంటే ఆగమని. ఆ చప్పుడులో మాటలు ఎవరికి వినిపిస్తాయి చెప్పండి? అందుకే కమ్మరివాళ్లు నాతో మాట్లాడుకుంటారు.

నన్ను చేసింది మల్లాచారి అనే పెద్దాయన. జగిత్యాల రోడ్డు మీద విరిగిపడిన లారీ ఇరుసు ముక్కను తెచ్చి, మూడు రోజులు కాల్చి, కొట్టి, నూనెలో ముంచి ఈ రూపానికి తెచ్చాడు. తుమ్మకర్రతో పిడి పెట్టాడు. ఆయన పోయాక కొడుకు లక్ష్మీరాజం చేతికి వచ్చాను. అరచేయి మారింది కానీ పట్టు అదే. తండ్రి బొటనవేలు ఎక్కడ ఆనేదో కొడుకు బొటనవేలూ అక్కడే ఆనింది. ఎవరు నేర్పారో నాకైతే తెలియదు.

సమ్మెట మాత్రం లక్ష్మీరాజానిది కాదు, ఆయన భార్య వజ్రమ్మది. పెళ్లయిన ఏడాదే పట్టింది. మా వైపు కమ్మరి ఇళ్లల్లో ఇదేం వింత కాదు. మొగుడు పటకారుతో ఇనుము పట్టుకుని నాతో చూపిస్తుంటే పెళ్లాం నిలబడి సమ్మెట వేస్తుంది. ముప్పై ఏళ్లు వేసింది. గడ్డపార మొన సాగదీయించుకోవడానికి వచ్చే మొండయ్య అనే రైతు ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు.

"గుద్దేది ఆమె, పేరేమో నీది. మంచిగున్నది రాజం నీ యవ్వారం."

"నేను సూపియ్యకపోతే ఆమె యాడ గుద్దుతది?"

"అవ్, సూపిచ్చుడుకే చెమటలు వడుతున్నయ్ నీకు!" అనేది వజ్రమ్మ, సమ్మెట ఆపకుండానే.

వచ్చినవాళ్లంతా ఆమె దండచేయి చూసి 'ఏం కండ!' అనేవాళ్లు. మనుషులకు కంటికి కనపడిందే బలం. నేనూ అలాగే అనుకునేదాన్ని. అంతకు మించి తెలుసుకునే అవసరం సుత్తికి ఎప్పుడు వస్తుంది?

వచ్చింది. వానాకాలం మొదట్లో ఒక పొద్దున బోరింగు దగ్గర పాచి మీద కాలు జారి వజ్రమ్మ కుడిచేయి కింద పెట్టి పడింది. ముంజేతి ఎముక విరిగింది. ఆరు వారాలు ప్లాస్టర్ అన్నాడట డాక్టరు. ఎముక అతుకుతుందట, కానీ ఆ చేయి చిక్కిపోతుందట. "మళ్లీ సమ్మెట ఎత్తుతానా సారూ?" అని ఆమె అడిగితే ఆయన కాగితం మీద రాసుకుంటూ, "ఆ పని ఎందుకమ్మా ఇంక" అన్నాడట.

ఇంటికొచ్చాక వజ్రమ్మ ఏడవలేదు. కొలిమి ముందు పీట వేసుకుని కూర్చుంది. లక్ష్మీరాజం చేసిన పని మాత్రం నేను చూశాను. సమ్మెటను తీసుకెళ్లి బొగ్గు బస్తాల వెనక పెట్టాడు, ఆమె కంటికి ఆనకుండా. వజ్రమ్మ ఆ ఖాళీ మూలను చూసింది. ఆ సాయంత్రం ఆయన, "దుకాణం బందు వెడదాం వజ్రా. ఇంకొకల సమ్మెటకు నేను సూపియ్యలేను" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఆమెను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అదీ ఎలాంటి సమయంలోనో చూడండి.

పది రోజుల తర్వాత దవాఖానలో నస్రీన్ మేడం దగ్గరికి పంపారు. అక్కడి సంగతి తర్వాత వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. కసరత్తులు చేయించే పిల్ల, ముప్పై కూడా ఉండవు. వజ్రమ్మ ప్లాస్టర్ చేయి ముందుకు చాపితే ఆమె, "అది గాదక్కా, మంచి చేయి ఇటియ్యి" అంది.

"ఇరిగింది గిదమ్మా!"

"ఎరుకే. ఎడమచేతికి కసరత్తు చేపిస్తే కుడిచేతి బలం పోకుంట కొంతన్న నిలవడుతది."

లక్ష్మీరాజం భార్య వైపు చూశాడు. ఆ పిల్లకు మతి సరిగ్గా ఉందా అన్నట్టుంది ఆ చూపు. నస్రీన్ నవ్వింది.

"అన్నా, మొదటి నెల కండ పెద్దగ పెరగది. అయినా బలం పెరుగుతది. ఎట్ల? ముందుగాల నరాలు నేర్చుకుంటయ్. చేతికి హుకుం ఇచ్చేది మెదడు. అండ్ల కుడిచేతి జాగ, ఎడమచేతి జాగ ఇరుగు పొరుగు ఇండ్లసొంటియి. ఒక ఇంట్ల పాట వెడితే పక్కింట్ల వినవడదా? ఇంకోటి, మెదడు ఎప్పుడూ బ్రేకు మీద కాలు పెట్టి కూసుంటది. ఉత్తగ ఎత్తుతే ఆ కాలు లేవది. దరువు విని, దరువుకు సరిగ్గ ఎత్తుతే జెర లేస్తదట. చదువుకున్నోళ్లు పరీక్షలు చేసి చూసిండ్రు."

బరువు పట్టుకుని, దరువు మూడు దెబ్బలు పడేలోగా మోచేయి మడిచి పైకి, నాలుగు దెబ్బలకు మెల్లగా కిందికి. ఫోనులో టిక్కు టిక్కుమనేది ఒకటి పెట్టి ఇచ్చింది. ఇంటికి వచ్చి ఒక పూట చేసి, "పురుగు కొరికినట్టున్నది దీని సప్పుడు" అని వజ్రమ్మ పక్కన పడేసింది. "నువ్వే కొట్టు" అంది మొగుడితో.

అలా నేను మళ్లీ పనిలోకి దిగాను. పొయ్యిలో నిప్పు లేదు. దాగలి మీద ఇనుము లేదు. గుడ్డసంచిలో రెండు పాత నాగలి కర్రులు వేసుకుని వజ్రమ్మ ఎడమచేత్తో ఎత్తేది, లక్ష్మీరాజం నన్ను వట్టి దాగలి మీద మోగించేవాడు. రోజు విడిచి రోజు చేశారు. రెండు వారాలు గడిచాయి. భుజం నొప్పి వచ్చింది తప్ప ఏమీ జరగలేదు. నస్రీన్ దగ్గరున్న పిడికిలి బలం చూసే మిషన్‌లో ముల్లు ఎడమచేతికే కదల్లేదు, ఇంక కుడిచేతికి ఏం అందుతుంది?

"ఎట్ల చేస్తుండ్రో నాకు చూపెట్టుండ్రి" అంది నస్రీన్.

నన్ను సంచిలో వెంట తెచ్చారు లెండి. బెంచీ ఇనుపకాలి మీద మొదలుపెట్టాం. మొదటి ఆరు బాగానే పడ్డాయి. ఏడో దెబ్బ నుంచి నేను జోరందుకున్నాను. పదిహేనోది వచ్చేసరికి వజ్రమ్మ సంచిని ఎగరేస్తోంది, ఆయాసపడుతోంది.

"ఆగన్నా ఆగు! ఎవరు తరుముతుండ్రు నిన్ను?"

లక్ష్మీరాజం అయోమయంగా చూశాడు. "ఇనుము సల్లారుతది గద మేడం."

"ఏ ఇనుము?"

ఆయన బెంచీ వంక చూశాడు. నా వంక చూశాడు. వజ్రమ్మకు నవ్వు ఆగలేదు, ప్లాస్టర్ చేయి కడుపుకు అదుముకుని మరీ నవ్వింది. నేనూ సిగ్గుపడ్డాను. తప్పు ఆయన ఒక్కడిదే కాదు. పొయ్యిలోంచి తీసిన ఇనుము ఎర్రదనం పోయేలోగా పని కావాలి కాబట్టి, దెబ్బ దెబ్బకూ జోరు పెంచడమే మాకు తెలిసిన విద్య. మల్లాచారి నుంచీ అంతే.

ఆ రోజు నుంచి లక్ష్మీరాజం మళ్లీ బడికి వెళ్లినట్టయింది. ముందు పది నిమిషాలు ఆ ఫోను పెట్టుకుని, దాని టిక్కుకు సరిగ్గా నన్ను దించడం నేర్చుకున్నాడు. వజ్రమ్మ పంతులమ్మ. "ఉరుకుతున్నవ్... మల్ల ఉరికినవ్... ఆఁ, గిప్పుడు మంచిగున్నది." ముప్పై ఏళ్లు ఆయన చూపించిన చోట కొట్టిన మనిషి ఇప్పుడు ఆయన దెబ్బను దిద్దింది. నాలుగు రోజులకు మా దరువు నిలకడకు వచ్చింది.

అప్పుడు చూశాను నేను. మీరు నమ్మినా నమ్మకపోయినా చెబుతాను. వజ్రమ్మ కళ్లు మూసుకుని నా చప్పుడు వింటూ ఎడమచేత్తో సంచి ఎత్తుతోంది. కుడిచేయి ఒళ్లో పడి ఉంది, ప్లాస్టర్‌లోంచి నాలుగు వేళ్ల కొసలు బయటికి కనిపిస్తున్నాయి. నేను మోగినప్పుడల్లా ఆ వేళ్లు రవ్వంత ముడుచుకుంటున్నాయి. గోళ్లు తెల్లబడుతున్నాయి, మళ్లీ ఎర్రబడుతున్నాయి. ఆ చేతికి ఎవరూ ఏమీ చెప్పలేదు. దానికి సంచీ లేదు, బరువూ లేదు. అయినా నా దెబ్బ వింటోంది.

లక్ష్మీరాజం కూడా చూశాడు. దరువు తప్పితే ఆ వేళ్లు ఆగిపోతాయేమోనని భయపడ్డట్టు నన్ను ఇంకా గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, సరిగ్గా దించాడు.

పుట్టినప్పటి నుంచీ నేను ఇనుమునే కొడుతున్నాననుకున్నాను. ఆ చప్పుడు చెవిలోంచి పోయి, పుర్రె లోపల కంటికి కనపడని నరాలను తట్టి, 'లే, ఇప్పుడే, అందరూ ఒక్కసారి' అని లేపుతోందని నాకేం తెలుసు? ఎర్రటి ఇనుము ఒకటి దాగలి మీద ఉంటే, అంతకన్నా మెత్తగా వంగేది ఇంకొకటి ఆమె తలలో ఉంది. రెండింటి మీదా ఒకే దెబ్బ పడుతోంది ఇన్నేళ్లూ.

ప్లాస్టర్ విప్పిన రోజు చేయి బయటపడింది. చిక్కుడు పందిరికి కట్టే పుల్లలా ఉంది. లక్ష్మీరాజం తల తిప్పుకున్నాడు. డాక్టరు సరేనన్నాక, వారం ఆగి, నస్రీన్ ఆ మిషన్‌ను కుడి పిడికిట్లో పెట్టింది. నొప్పి రానంతవరకే పిసకమంది. ముల్లు లేచింది. నస్రీన్ మిషన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకోసారక్కా" అంది. మళ్లీ లేచింది. ఆరు వారాలు కట్టులో ఉన్న చేతికి ఇంత పట్టు మిగలడం తాను చదవడమే కానీ కళ్లారా చూడలేదంది. వజ్రమ్మ తన సన్నటి చేతిని వేరే ఎవరిదో అన్నట్టు చాలాసేపు చూసుకుంది.

అక్కడి నుంచి రెండు నెలలు రెండు చేతులకూ కసరత్తు చేయించారు. ఒక పొద్దున మొండయ్య గడ్డపారతో వచ్చాడు. పొయ్యి రాజేశారు. మొన ఎర్రబడింది. వజ్రమ్మ చీరకొంగు బిగించి, "సమ్మెటేది?" అంది.

లక్ష్మీరాజం కదల్లేదు. ఆమే బొగ్గు బస్తాల వెనక్కి వెళ్లి తెచ్చుకుంది. ఎక్కడ దాచాడో మొదటి రోజు నుంచీ తెలుసు ఆమెకు.

నేను టింగుమన్నాను. ధన్ అని పడింది. సరిగ్గా నేను చూపిన చోట. మళ్లీ టింగ్. లక్ష్మీరాజం దవాఖాన దరువు వేస్తున్నాడు, మెల్లగా, లెక్కగా, ఆమె చేతికి ఏమవుతుందోనని భయంగా. ఎరుపు తగ్గిపోతోంది. వజ్రమ్మ సమ్మెట ఎత్తి పట్టుకునే అరిచింది.

"ఏందయ్యా, ఇనుము సల్లారుతున్నది! నేను గాదు, ఇనుము!"

అప్పుడు ఉరికాను నేను. టింగ్ ధన్ టింగ్ ధన్ టింగ్ ధన్. మొండయ్య వెనక్కి రెండడుగులు వేశాడు. గడ్డపార మొన సూదిలా సాగింది. ఆగమని దాగలి అంచు మీద రెండుసార్లు మోగాలి కదా, మోగలేదు. లక్ష్మీరాజానికి కళ్లనిండా నీళ్లు, అంచు కనపడలేదు. ఆమే సమ్మెట దించి, "సాలు తియ్యి, నలుగురు సూస్తుండ్రు" అంది. అక్కడ ఉన్నది మొండయ్య ఒక్కడే.

ఇప్పుడు నేను కొలిమిలో లేను. నస్రీన్ గదిలో కిటికీ పక్కన బల్ల మీద, దాగలిగా పెట్టిన ఒక రైలు పట్టా ముక్క పక్కన ఉంటున్నాను. చేయి విరిగి వచ్చేవాళ్లకు దరువు కోసమని లక్ష్మీరాజమే తెచ్చి ఇచ్చాడు. ఆయన వేరే సుత్తి చేసుకున్నాడు, దానికి ఇంకా నా గొంతు రాలేదట.

నన్ను మోగించడానికి మంగళవారం మంగళవారం వజ్రమ్మ వస్తుంది. మొన్న బీడీలు చుట్టే ఒకామె వచ్చింది, కుడిచేయి ప్లాస్టర్‌లో ఉంది. ఎప్పటికి బాగవుతుందోనన్న ఆత్రంలో ఎడమచేత్తో బరువు గబగబా ఎత్తేస్తోంది.

"ఎందుకు బిడ్డా ఉరుకుతవ్? ఈడ ఇనుమేం సల్లారుతలేదు. సప్పుడు ఇను" అంది వజ్రమ్మ.

నన్ను ఎత్తి దించింది. ఎత్తి దించింది. ఆమె కళ్లు ఆ మనిషి ఎత్తుతున్న చేతి మీద లేవు. ఒళ్లో పడి ఉన్న తెల్లటి కట్టు కొసన, నాలుగు వేళ్ల మీద ఉన్నాయి. నేనూ అటే చూస్తూ మోగుతున్నాను.