డబ్బా టీవీలో భిష్తీ

అంటే ఆ తోలురంగు అసలు ఎక్కడా లేదన్నమాట. బూడిదరంగు గడి, దాని పక్కన ఎర్ర గడి, మళ్ళీ బూడిదరంగు. ల్యాప్‌టాప్ తెర మీద ఆ పాత ఆట బొమ్మను ఎంత పెద్దది చేసి చూసినా ఫరీహాకు కనిపించేది అంతే. తోలు లేనప్పుడు తిత్తి లేదు. తిత్తి లేనప్పుడు అతను నీళ్ళు మోసే భిష్తీ ఎలా అవుతాడు? మరి చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ తను చూసింది ఎవరిని?

కిషన్‌బాగ్‌లోని ఆ ఇంట్లో ముందుగది ఒక్కటే కాస్త పెద్దది. దాని పడమటి గోడకు ఆమె ప్లైవుడ్ పలకను ఆనించి పెట్టింది. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఆఖరి సంవత్సరం పని అది. పాత వీడియో గేముల్లో బొమ్మలన్నీ చదరపు గళ్ళతో కట్టినవే. అలాంటి బొమ్మనొకదాన్ని, ధూల్‌పేట్ నుంచి తెచ్చిన పతంగుల కాగితాన్ని గళ్ళుగా కత్తిరించి మైదా జిగురుతో అంటించి, మనిషంత ఎత్తున నిలబెట్టాలనుకుంది. దాదాపు అయిపోయింది. సోమవారం కాలేజీకి చేర్చాలి.

బొమ్మలో ఉన్నది ఒక పొట్టివాడు. వీపు మీద ఏదో మోస్తున్నాడు. ముందుకు చాచిన చేతి నుంచి నీలం గళ్ళు రాలుతున్నాయి.

ఆ ఆట అన్న హమ్మాద్‌ది. పాత క్యాసెట్‌లో ఉన్న బోలెడు ఆటల్లో అదొకటి. గుహల్లో మంటలు లేస్తాయి, పొట్టివాడు నీలం గళ్ళు విసిరితే ఆరిపోతాయి. హమ్మాద్ ఆడేవాడు, ఫరీహా చూసేది. వెనక మంచం మీద పోకచెక్కలు కత్తిరిస్తూ కూర్చునే వాళ్ళ నాయనమ్మ, దాదీమా అజ్మతున్నీసా, ఒకరోజు తలెత్తి టీవీ వైపు చూసింది.

"భిష్తీ మంచిగ నీళ్ళు కొడ్తున్నడు" అంది.

పరిగి నుంచి ఆమె పెళ్ళై వచ్చిన కొత్తలో ఈ గల్లీలోకి భిష్తీ వచ్చేవాడట. నీళ్ళు నింపిన మేకతోలు తిత్తిని వీపున వేసుకుని ఇంటింటికీ పోసి పోయేవాడు. డబ్బా టీవీ తెర మీద రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారేవి. ఆ కారడంలోనే తిత్తి పుట్టింది. దాని మూతి దగ్గర తడి కూడా మెరిసేది. దాదీమా చెప్పాక ఫరీహాకు అక్కడ ఇంకేదీ కనపడలేదు. పొట్టివాడు మంటల్లో పడి చచ్చినప్పుడల్లా, ఇవాళ ఎవరింటికో నీళ్ళు అందలేదని ఆమె బాధపడేది. ఆ సంగతి హమ్మాద్‌కు చెప్పలేదు.

ఇంటర్ చదివేటప్పుడు నెట్‌లో ఆ ఆట అట్టపెట్టె మీది బొమ్మ దొరికింది. కండలు తిరిగిన మనిషి, బిగించిన పళ్ళు, వీపున గ్యాస్ సిలిండర్, చేతిలో తుపాకి. మంచు గుండ్లు పేల్చే సైనికుడట. ఆమెకు నిరాశ కలగలేదు. పెళ్ళి భోజనాల్లో వేరేవాళ్ళకు పరిచిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని సగం తిన్నాక సంగతి తెలిసినట్టు అనిపించింది. తిన్నది నిజం. రుచి నిజం. పిలుపు మాత్రం తనది కాదు. అప్పటి నుంచి ఆ ఆట గురించి ఎవరైనా మాట్లాడితే ఆమె కాస్త దూరం జరిగి వినేది, తన రహస్యాన్ని వాళ్ళెవరో పొరపాటున తొక్కుతారేమోనన్నట్టు.

కాలేజీలో సదాశివ సర్‌కు మొదట్లోనే ఇదంతా చెప్పింది. ఆయన గడ్డం గోక్కుంటూ విన్నాడు.

"చూడమ్మా, ఆ బొమ్మ చేసినాయనకు దొరికినయే కొన్ని గళ్ళు. ఒక్కొక్కటి ఆలోచించి పెట్టిండు. నువ్వు ఒక్క గడి కలిపినా అది ఆయన బొమ్మ కాదు, నీ ముచ్చట. ముచ్చట రాసుకుంటనంటే వేరే క్లాసుకు పో" అన్నాడు.

ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్న మనిషే ఒక గోధుమరంగు గడి కత్తిరించి జిగురు డబ్బా మూతలో దాచుకుంది. భుజం మీద సరిగ్గా ఒక చోట పెడితే అది తిత్తి పట్టీ అవుతుంది. ఇన్నాళ్ళుగా దాన్ని అంటించలేదు, పారెయ్యలేదు. జిగురు కలిపినప్పుడల్లా మూత తీస్తుంది, చూస్తుంది, పక్కన పెడుతుంది.

దాదీమా నమాజు చదివేది ఆ గదిలోనే, ఆ గోడ వైపు తిరిగే. ప్రాణమున్న దాని బొమ్మను ఎదురుగా పెట్టుకుని చదవకూడదని ఆమె పట్టింపు. అందుకే ప్రతి నమాజుకూ ముందు, మేకుకు తగిలించిన పాత దుపట్టా తీసి పలక మీద కప్పేది. ప్రతిసారీ ఫరీహా అడ్డం పడేది.

"దాదీమా, అవి ఉత్త గళ్ళు. దుపట్టాకు కాగితాలు లేస్తున్నయ్."

"గళ్ళయితే నన్ను చూస్తున్నదెవడే మరి?"

"కాగితం ముక్కలు చూస్తయా?"

"నీ కండ్లద్దాలు మార్పియ్యాలె ముందుగాల. గంత మనిషి నిలవడితే గళ్ళంటది."

కొన్నాళ్ళ కిందట, గొడవ పడుతూనే ఫరీహా మామూలుగా అడిగినట్టు అడిగింది. "మనిషా? ఎవరు?"

"ఎవరేంది? భిష్తీ. నీ చిన్నప్పటోడు."

దాదీమా ఎడమ కంటికి చూపు ఎప్పుడో పోయింది. ఉన్న కుడి కంట్లో శుక్లం, ఆమె మాటలో మోతియా. ఆ మసకలో రంగులు మళ్ళీ ఒకదాంట్లోకి ఒకటి కారుతున్నాయి. డబ్బా టీవీని పాతసామాన్ల వాడికి అమ్మేసి ఏళ్ళయింది గానీ అలాంటిది ఒకటి ఇంకా ఇంట్లోనే పనిచేస్తోందని ఫరీహాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత కూడా దుపట్టా గురించి గొడవ మానలేదు. మానితే దాదీమా కప్పడం మానేస్తుందేమోనని, గొడవే ఆమెను ఆ పని చేయిస్తోందని, ఎక్కడో భయం.

ఆపరేషన్ గురువారానికి కుదిర్చాడు హమ్మాద్.

"సోమవారం దాటినంక పెట్టుకోరాదా?" అంది ఫరీహా.

"ఎందుకు?"

"నాకు కాలేజీ పనుంది. రాలేను."

"నిన్నెవరు రమ్మన్నరు? దాదీమా నిన్న చాయ్‌ల ఉప్పేసింది, తాగింది నేను. నువ్వు ఇంట్ల కూసొని నీ సిలిండర్‌గాన్ని కాపలా కాయి."

ఒక ముసలిమనిషికి చూపు రావడం కొన్నాళ్ళు ఆగితే బాగుండునని తను కోరుకున్న మాట ఫరీహా లోపలే కాసేపు కూర్చుంది. సిగ్గు వస్తుందని చూసింది. రాలేదు. వేరేవాళ్ళ ఇంట్లో జరిగిన సంగతిలా ఉండిపోయింది.

దాదీమా కంటికి కట్టు, దాని మీద నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చింది. హమ్మాద్ ఆమెను "డాన్ సాబ్" అని పిలిచి తిట్లు తిన్నాడు. కట్టు విప్పిన రోజు ఇల్లంతా కొత్తగా చూసుకుంది. పంకా రెక్కల మీద దుమ్ము చూసింది. గోడ మీద బల్లిని చూసి, అది ఎప్పటి నుంచి ఉందని అడిగింది. ఫరీహా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"గిన్ని మొటిమలెప్పుడొచ్చినయే నీకు?"

"ఎప్పటి నుంచో ఉన్నయ్ దాదీమా."

"నాకెవ్వరు చెప్పలే."

వంగొద్దని డాక్టర్ చెప్పాడు కాబట్టి కుర్చీలో కూర్చునే చదవాలి. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు దాదీమా కుర్చీని పడమటి గోడ వైపు జరుపుకుంది. ఫరీహా కింద కూర్చుని కత్తెరతో అక్కర్లేని కాగితం కత్తిరిస్తోంది. దాదీమా తల మీది కొంగు సర్దుకుంది. మేకు వైపు చూడలేదు.

"దాదీమా, దుపట్టా" అంది ఫరీహా.

"ఎందుకే? సలి లేదు."

"పలక మీదికి."

దాదీమా పలక వైపు చూసింది. పై నుంచి కిందికి, తీరిగ్గా, బట్టల దుకాణంలో గుడ్డ చూసినట్టు.

"ఉండనీ. గచ్చు మీద డిజైన్ లెక్క మంచిగనే ఉన్నది. గళ్ళే కదా" అని చేతులు చెవుల దాకా ఎత్తి నమాజు మొదలుపెట్టింది.

అన్నాళ్ళ గొడవలో ఫరీహా గెలిచింది. గెలిచినట్టు తెలియడానికి కొంతసేపు పట్టింది. ఇక ఆ భిష్తీని చూసే మనిషి ఎవరూ లేరు. తను కూడా చూసిందో లేదో. దాదీమా చెప్పింది గనుక చూసిందేమో, టీవీ చెప్పింది గనుక దాదీమా చూసిందేమో. ఇలా ఒక్కొక్కరినీ తీసేస్తూ పోతే చివరికి బూడిదరంగు గడి, ఎర్ర గడి మిగులుతాయి.

నమాజు ముగించి దాదీమా లోపలికి వెళ్ళాక, ఆమె డబ్బా మూత తీసింది. గోధుమరంగు గడిని వేలి కొస మీద నిలిపి, జిగురు లేకుండా, బొమ్మ భుజం మీద పెట్టి చూసింది. తిత్తికి పట్టీ వచ్చింది. ఇప్పుడు ఎవరొచ్చినా చూస్తారు. దుకాణం మీద బోర్డు చూసినట్టు చూస్తారు. వేలు తీసేసింది. గడి కింద పడింది. పట్టీ పోయింది. అతను మాత్రం అక్కడే ఉన్నాడు, కాస్త వంగి, వీపున బరువుతో. అది తన కళ్ళ పనో, అలవాటు పనో ఆమె తేల్చుకోలేదు. గడిని ఏరి తిరిగి మూతలో వేసింది.

సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ వినిపించింది. దాదీమా వచ్చి కుర్చీలో కూర్చుంది. వెనకాలే వచ్చిన హమ్మాద్ గడపలో చెప్పులు విడుస్తూ, "అయిందా మీ సిలిండర్ సాబ్?" అన్నాడు.

ఫరీహా లేచి, మేకుకున్న దుపట్టా తీసి రెండు చేతులతో దులిపి, కాగితాలు లేవకుండా, అతని తల మీదుగా కాళ్ళ దాకా కప్పింది.