పోలారావు కాలెముక

ఇసుకదారిలో ఎముకల బండి ఒరిగింది. గోనె చిరిగి ఒక కాలెముక కింద పడింది. కామందు జగన్నాథరావు పశువుల ఎముకలు ఏరించి పలాస స్టేషనుకు తోలిస్తాడు. అక్కణ్ణించి పోయి ఎరువవుతాయట. బండివాడు దాన్ని గబగబా గోనెలోకి తోయబోయాడు.

మా ఊరి బొడ్డమ్మ అడ్డుపడింది. చచ్చిపోయిన ఆమె మొగుడు పోలారావుకు, కామందు తోటలో కొబ్బరిచెట్టు మీంచి పడి విరిగిన కాలు వంకరగా అతుక్కుంది. ఈ ఎముకకూ అదే వంకర.

మైల, ముట్టుకోవద్దన్నాడు మరిది తవిటయ్య. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుంది. బండి పలాస వైపు జారుకుంది.

శ్మశానానికి పరుగెత్తాం. పైన ఇసుక నున్నగా సర్ది ఉంది. తవ్వితే కింద మావాళ్లెవరూ లేరు.

కామందు మనుషులకు గోతులు చూపించిందెవడు? ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకున్నాం. తవిటయ్య కామందు పాలేరు.

"ఆడి ఎంగిలి తిన్నోడివి నువ్వే కదేటి," అంది వరహాలమ్మ.

"ఎవుడూ సూపించక్కర్నేదు," అంది బొడ్డమ్మ. "పాతీసి వచ్చినాక మనం ఎనక్కి తిరిగి సూడం. ఆ సంగతి ఆడికి తెలీదేటి?"

చివరికి తవిటయ్యే దారి చెప్పాడు. మైల మనిషి కళ్ళంలో అడుగు పెట్టకూడదు. మన శవాల్ని పెళ్లగించారు కనక ఊరంతా మళ్లీ మైల పడదాం.

మర్నాడు కామందు కళ్ళంలో ఒక్క కూలీ లేడు. కోసిన వరి చేలోనే పడి ఉంది. సముద్రం మీద మబ్బు పట్టింది. జగన్నాథరావు పోలీసుల్ని వెంటేసుకొచ్చాడు. అవి గొడ్ల ఎముకలే, ఏ మైలా లేదు, పనికి నడవండన్నాడు.

బొడ్డమ్మ కొంగు విప్పింది.

"ఎండినాయో నేదో అని రోజూ గోనెల్లో సెయ్యెట్టి సూత్తారు కదా బాబూ. గొడ్డుదే అయితే ఇదీ ముట్టుకోండి."

కామందు ఒకడుగు వెనక్కి వేశాడు. పోలీసులు కూడా చూశారు.

ఆమెను పట్టుకోమన్నాడు హెడ్డు కానిస్టేబులు. జవాన్లు ఎముక వైపు చూసి ఆగిపోయారు. తవిటయ్య వచ్చి అన్న కాలెముక మీద అరచెయ్యి ఆన్చాడు. తర్వాత వరహాలమ్మ. ఆ వెనక మేమందరం.

"ఇప్పుడు పట్టుకోండి," అన్నాడు తవిటయ్య. "ఊరంతా మైలే."

సంకెళ్లు బయటికి రాలేదు. మేం కళ్ళం వైపు తిరగలేదు. బొడ్డమ్మను ముందు పెట్టుకుని పలాస దారి పట్టాం, గోనెల్లో పోయిన మిగతా మావాళ్లను ఇంటికి తెచ్చుకోవడానికి.