నేలవేము తాగిన నోళ్లు

ఆ పొద్దున ముసురు తెరిపిచ్చింది గాని మబ్బు విడవలేదు. గోదారి దిక్కు మాత్రం కుండ అంచంత తెల్ల గీత కనబడుతోంది. రామి అటు ఒకసారి చూసి, పొయ్యి మీది కుండలో గరిటె తిప్పింది. నేలవేము మరుగుతోంది. వాసనకే గొంతు చేదెక్కుతోంది.

గుడిసెలో బిడ్డ సుమన మూడు రోజులుగా చలిజ్వరంతో వణుకుతోంది. సకల జనుల సమ్మెతో కాటారానికి బస్సుల్లేవు. దవాఖాన నర్సమ్మ ఇచ్చిన మలేరియా గోలీలు అయిపోయాయి. వాటి కోసం భీమ్లా తెల్లారకముందే నడిచి పోయాడు. మొగుడు తిరిగొచ్చేదాకా రామి చేతిలో ఉన్నది ఈ చేదు ఒక్కటే.

నిన్న రిజర్వు అడవిలో ఆ నేలవేము మొక్కలు కోసింది ఆమే. వేరు కదలకుండా, జానెడు మొదలు వదిలే కోసింది. అయినా ఫారెస్టు బీటాఫీసరు మధుకర్ బండేసుకుని తండాకు వచ్చాడు.

"అడవిల కొడవలి పెట్టిందెవరు? పేరు చెప్పుండ్రి, కేసు రాస్త. ఆ కుండ పారబొయ్యుండ్రి."

రామి లేవలేదు. "ఊరంత సమ్మెల ఉంటే నీకొక్కనికే డ్యూటీ యాదికొచ్చెనా సారూ?"

చుట్టూ చేరినవాళ్లు కిసుక్కుమన్నారు.

"మొక్క సర్కారుది!"

"దోమలు గూడ సర్కారు అడవియే గద. గవిటి మీద గూడ రాయి కేసు."

అంటూనే కషాయం వడగట్టి, లోపలికి పోయి సుమనకు తాగించి వచ్చింది. ముసలి హరిలాల్ తన గ్లాసు చాపాడు.

"నాగ్గూడ పొయ్యవే, రామీ."

"నీకు జరం లేదు గదా కాకా?"

"రేపొస్తది."

ఆ మాటతో అందరి గ్లాసులూ ముందుకొచ్చాయి. తండాలో ఒక కట్టుబాటు ఉంది. నేలవేము తాగినవాళ్లు తిండి ముగిసేదాకా పెదవి విప్పకూడదు. విప్పితే మందు గాలికి పోతుందని పెద్దల మాట. ఒక్కొక్క గ్లాసు ఖాళీ అవుతుంటే ఒక్కొక్క నోరు మూతబడింది. మధుకర్ చెయ్యి పడేసరికి కుండలో పిప్పి తప్ప ఏం లేదు.

"అడిగేదుంటే నన్నడుగు సారూ. నా గ్లాసొక్కటే మిగిలింది," అంది రామి.

"కోసిందెవరు?"

రామి అతని కళ్లలోకి చూస్తూ గ్లాసెత్తి గటగటా తాగేసింది.

మధుకర్ పుస్తకం తెరిచి, కలం పట్టుకుని నిలబడ్డాడు. జొన్నరొట్టెలు వచ్చాయి, మిరప తొక్కు వచ్చింది. సుమన గుంజ పట్టుకుంటూ వచ్చి తల్లి పక్కన కూర్చుంది. రామి ఒక రొట్టె మధుకర్ ముందు కూడా పెట్టింది. చిన్న చిన్న ముక్కలు తుంచుకుంటూ అందరూ తింటున్నారు. తొందర ఎవరికీ ఉన్నట్టు లేదు.