రంజన్ పక్క మేకు

తెగిన పోగు కొసను నాలుకతో తడిపి, వేళ్ల మధ్య ఒక్క మెలి తిప్పి ముడి వేశాడు సిద్ధరాములు. కళ్లతో పని లేదు. నలభై రెండేళ్లుగా ఆ వేళ్లు అదే ముడి వేస్తున్నాయి, మనిషిని అడగడం ఎప్పుడో మానేశాయి. మీట లాగాడు. సాంచా, ఆ కరెంటు మగ్గం, మళ్లీ దడదడమంటూ తువ్వాలు నేయసాగింది. పుణే దాటాక వచ్చే ఆ నేత ఊళ్లో, కుంఠా నాకాలోని రేకుల షెడ్డులో మొత్తం పన్నెండు సాంచాలు. వాటిలో రెండు అతనివి. అతనివి అంటే, అతను నిలబడేవి.

సన్నటి మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా వేలెడు కిందికి ఉంటుంది. కనుబొమలకూ చెవుల మీది వెంట్రుకలకూ నూలు ధూళి పట్టి, పొద్దున అరవై ఒక్క ఏళ్లతో వచ్చినవాడు సాయంత్రం ఎనభై ఏళ్లతో ఇంటికి వెళతాడు. పని బనియను మీదే. చొక్కా విప్పి మేకుకు తగిలించడమే అతని హాజరు.

ఆ మేకు, తాగే నీళ్ల రంజన్ పక్కన గోడకు ఉంది. షెడ్డు మొత్తంలో చల్లగా ఉండే చోటు ఆ మట్టి కుండ చుట్టూ జానెడే. ఎండలు ముదిరితే రాజమ్మ మొగుడి చొక్కా జేబులో రోజూ ఒక ఉల్లిగడ్డ పెడుతుంది. వడదెబ్బ ఉల్లిగడ్డ మీదికి పోయి మనిషిని వదిలేస్తుందని ఆమె నమ్మకం. ఈ పొద్దున కూడా పెట్టింది.

“వాసన సూస్తున్నవా, లేకుంటే ఊకెనే మోసుకపోయి మోసుకొస్తున్నవా?”

“సూస్తున్ననే. నీకంటే అదే నయం, తిరిగి మాట్లాడదు.”

నిజంగానే చూసేవాడు. తల తిరిగినట్టు అనిపించినప్పుడల్లా చొక్కా దగ్గరికి వెళ్లి, ఉల్లిగడ్డ తీసి వాసన పీల్చి, మళ్లీ జేబులో పెట్టేవాడు. ఎలాగూ వచ్చాం కదా అని ఒక లోటా నీళ్లు తాగేవాడు. రోజుకు ఆరేడుసార్లు. పన్నెండు గంటల పనిలో అతనికి ఉన్న విశ్రాంతి అదే.

ఇవాళ షెడ్డులోకి వచ్చేసరికి యజమాని అంబాదాస్ సేట్ రంజన్ దగ్గరే నిలబడి ఉన్నాడు. చేతిలో వేడి కొలిచే మీటరు.

“మామా, నీ అంగి ఇంకోకాడ ఏస్కో. మీటర్ ఈ మేకుకు వెట్టాలె.”

“ఈడ సల్లగుంటది సేట్.”

“అందుకే గదా.”

ఎక్కడో యూరప్‌లో చాలా దేశాల పెద్దలు భూమి వేడెక్కుతోందని సభ చేస్తున్నారు. చల్లటి హాల్లో కూర్చున్నా చేతులు తుడుచుకోవాలి కదా. ఆ తువ్వాళ్ల ఆర్డరు నలుగురు వ్యాపారుల చేతులు మారి సేట్‌కు దక్కింది. ప్రతి తువ్వాలు మూలా ఒక భూగోళం. దానితో పాటు ఒక షరతు: నేసే చోట వేడి ముప్పై మూడు డిగ్రీలు దాటకూడదు. చూసి రాసుకోవడానికి పుణే నుంచి ఒక మేడం వస్తుంది.

“మేడం అడిగితే గర్మీ నాహీ అను. బస్. పెద్దోనివి, నీ మాట నమ్ముతది,” అన్నాడు సేట్. “ఆర్డర్ పాసైతే దసరా దాక సాంచలు నడుస్తయి. ఇంకోటి, ఆమె పోయేదాక రంజన్ మూత ఎవ్వలు తియ్యొద్దు. మీటర్ కదులుతది.”

సిద్ధరాములు తల ఊపాడు. పోయిన ఏడు అమెరికా సుంకం పెంచితే షెడ్డు మూడు నెలలు మూతబడింది. పెంచినవాళ్లకు సిద్ధరాములుతో తగవేమీ లేదు, అతనొకడున్నాడనే తెలియదు. ఆ మూడు నెలలూ దాజీ పేట్‌లోని ఒక్క గది ఇంట్లో, రాజమ్మ చుట్టే బీడీలకు దారం కడుతూ కూర్చున్నాడు. షెడ్డు తెరిచాక సేట్ ముసలివాళ్లను వద్దన్నాడు, ఇతన్ని మాత్రం పనితనం చూసి ఉంచుకున్నాడు. ఇంకోసారి మూతబడితే పిలుపు రాదు. ఆ మాట సేట్ అనలేదు, ఇతను అడగలేదు.

చొక్కా షెడ్డు అవతలి కొసన, ఆఖరి కిటికీ గడియకు చేరింది.

“మీటర్‌కు ఏసీ దొరికింది మామా. నువ్వు పోయి కిటికికి యాలాడు,” అన్నాడు పక్క సాంచా పాండురంగ్.

మేడం కోసం కిటికీలన్నీ తెరిచారు. ఎండాకాలంలో వాటిని తెరిచే నేతగాడు ఉండడు. పొడిగాలి తగిలితే నూలు పెళుసెక్కి తెగుతుంది. కిటికీలు మూసి, నేల తడిపి, పోగుల్ని కాపాడుకుంటూ మనుషులు ఉడుకుతారు. ఇవాళ పోగులూ తెగాయి, మనుషులూ ఉడికారు. వడగాలి నేరుగా పడుగు మీద పడి పోగులు టపటప తెగుతుంటే, సిద్ధరాములు ఒక సాంచా నుంచి ఇంకోదానికి తిరుగుతూ ముళ్లు వేస్తూనే ఉన్నాడు. రెండుసార్లు రంజన్ వైపు చూశాడు. మూత మీద సేట్ పెట్టిన ఇటుక ఉంది.

మేడం పన్నెండింటికి వచ్చింది. ఋతుజ అని పాతికేళ్ల పిల్ల. మీటరును ఫోన్లో ఫోటో తీసింది. ముప్పై రెండు. మీటరు కింద గోడ మీద, చొక్కా ఆకారంలో ముప్పై ఏళ్ల చెమట మరక ఉంది. దాన్నీ చూసింది, రంజన్‌నూ చూసింది.

“ఇది ఎప్పుడూ ఇక్కడేనా?” అని మరాఠీలో అడిగింది.

“పర్మనెంట్ మేడం,” అన్నాడు సేట్.

ఆమె సిద్ధరాములు వైపు తిరిగింది. “కాకా, ఇథే గరమ్ హోతం కా?” వేడిగా ఉంటుందా అని.

“నాహీ మేడం.” అక్కడితో ఆగవలసింది. కాని పిల్ల మర్యాదగా అడిగిందని ఇంకో మాట కలిపాడు. “సవయ్ ఆహే.” అలవాటే అని.

ఆమె కలం ఒక్క క్షణం ఆగింది. సాయంత్రంలోగా చూడవలసిన షెడ్లు ఇంకా అయిదున్నాయి. రాసుకుంది. “పాణీ పీత్ రహా కాకా,” నీళ్లు తాగుతూ ఉండమని చెప్పి, సేట్ వెంట చల్లటి ఆఫీసు గదిలోకి వెళ్లింది. భోజనం చేసి, సంతకాలయ్యేసరికి రెండున్నర.

ఆమె కారు కదిలిన చప్పుడు వినగానే, ఎవరూ చెప్పకుండానే, సిద్ధరాములు కిటికీలు మూయడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, ఆరు. ఆఖరిదానికి తన చొక్కా అడ్డం. పక్కకు జరిపి మూసి, మళ్లీ గడియకే తగిలించాడు. జేబు దాకా చేయి వెళ్లింది. అటు సాంచాలో మళ్లీ పోగు తెగిన చప్పుడు. వెనక్కి వచ్చి ముడి వేశాడు. ఆ తర్వాత నూలు కండెల పెట్టె మీద, సాంచాకు వీపు ఆనించి కూర్చున్నాడు.

కాసేపటికి నాడెలో కండె అయిపోయి సాంచా ఆగింది. పన్నెండింటి మోతలో ఒకటి తగ్గితే నేతగాడికే తెలుస్తుంది.

“మామా, కండె అయిపాయె. నిద్రొచ్చిందా?” అని కేకేశాడు పాండురంగ్. గొణుక్కుంటూ వచ్చాడు. ముందు కండె మార్చి సాంచా నడిపించాడు. ఆ తర్వాతే ముఖం చూశాడు.

బనియను మీదే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. గుండె ఆగిందని రాశారు, గుండె ఎందుకు ఆగిందో రాసే గడి ఆ కాగితంలో లేదు. వారం తిరక్కుండా ఆర్డరు పాసైంది. సిద్ధరాములు సాంచాలు రెండూ ఇప్పుడు పాండురంగే చూసుకుంటున్నాడు, భూగోళాలు బాగా కుదురుతున్నాయి. మీటరు మేకుకే ఉంది, పర్మనెంటుగా.

ఆఖరి కిటికీ గడియకు చొక్కా వేలాడుతోంది. దాని జేబులో ఉల్లిగడ్డ, రాజమ్మ పెట్టింది పెట్టినట్టే, పొట్టు కూడా చెదరకుండా ఉంది.