చివరి బెంచీ నోటుపుస్తకం

లిఫ్టుల రిపేరు నేర్పే మా శిక్షణ కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా నేను చెబుతాను, వాళ్లు వింటారు. మధ్యలో ఎవరైనా గుసగుసలాడితే బయటికి పంపేస్తాను. ఈ ఏడు పైనుంచి ఒక ఫారం ఊడిపడింది. "విద్యార్థులు ఒకరితో ఒకరు కలిసి నేర్చుకున్న గంటలు" అని అందులో ఒక గడి. మొత్తం గంటల్లో అవి సగమైనా లేకపోతే నా పాఠాలు వీడియో తీసుకుని నన్ను ఇంటికి పంపుతారట.

నాకు ఒళ్లు మండింది. నలభై మంది ఒకే గదిలో కూర్చుని ఒకే మనిషిని వింటుంటే, అది కలిసి నేర్చుకోవడం కాక మరేమిటి? ఆవులించినా కలిసే ఆవులిస్తారు. గడిలో "అన్ని గంటలూ" అని రాసి పారేశాను.

తనిఖీకి వచ్చినావిడ అక్కడే ఆగింది. "వినడం కూడా కలిసి నేర్చుకోవడమేనంటారా?"

"కూర్చుని చూడండి," అన్నాను బింకంగా.

ఆవిడ చివరి బెంచీలో కూర్చుంది. నేను పాత నోట్సు తీసి గుక్క తిప్పుకోకుండా చదివాను: ముందు లిఫ్టు తలుపు తెరవాలి, తర్వాత మెయిన్ స్విచ్ కట్టెయ్యాలి. నలభై కలాలూ చకచకా కదిలాయి. నా కడుపు నిండిపోయింది.

గంట కొట్టాక ఆవిడ ఐదారు పుస్తకాలు తిరగేసింది. "మాస్టారూ, ముందు స్విచ్ కదా కట్టెయ్యాల్సింది! మీరు తలకిందులుగా చెప్పినా వీళ్లందరూ సరిగ్గానే రాశారే?"

ఆవిడ పక్కనే కూర్చున్న అమ్మాయి భయపడుతూ అట్ట ఊడిన నోటుపుస్తకం బయటికి తీసింది. "సీనియర్లు ఇచ్చారండీ, పదకొండు బ్యాచిలుగా చేతులు మారుతోంది. సార్ ఏ పాఠంలో ఎక్కడ పొరబడతారో ఇందులో ఉంటుంది. పాఠం నడుస్తుండగానే బెంచీ బెంచీకీ పంపుకుంటాం. కొత్త తప్పు దొరికితే కలుపుతాం."

ఆవిడ మొహం వెలిగిపోయింది. "పదకొండు బ్యాచిలు కలిసి నేర్చుకున్నాయన్నమాట! ఇలాంటిది నేనెక్కడా చూడలేదు." గడి పక్కన టిక్కు పెట్టి వెళ్లిపోయింది. నా ఉద్యోగం నిలబడింది. పరువు సంగతి అడక్కండి.

గది ఖాళీ అయ్యాక, బెంచీ మీదే ఉండిపోయిన ఆ పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో చేతిరాత చూడగానే గుర్తుపట్టాను. మా అమ్మాయిది. ఆ పదకొండింటిలో మొదటి బ్యాచిలో తనూ ఇక్కడే చదివింది. రోజూ నా ఎదురుగా కూర్చునే భోంచేసేది, ఒక్కనాడూ నోరు విప్పలేదు. నేను విప్పనిచ్చానా?

తప్పుల పట్టీ కింద ఎర్ర సిరాతో రాసింది: "ఇది నాన్నకి చూపించొద్దు. నొచ్చుకుంటారు."

నొచ్చుకున్నాను. పుస్తకం కోసం గుమ్మం దగ్గరే నిలబడి ఉంది చివరి బెంచీ అమ్మాయి.

"ఏడో పాఠంలో బ్రేకు గురించి ఇంకో తప్పుందమ్మా," అన్నాను. "నాకు ఎన్నాళ్లనుంచో తెలుసు. మీరెవరూ పట్టుకోలేదు. రాసుకో."