కిటికీ వైపు పది నిమిషాలు

"చుక్కా! ఓ చుక్కా! నీ టీ ఈపాటికే చల్లారిపోయుంటుంది, ఇంకోటి తెస్తున్నాను" అని అటెండరు తలుపు దగ్గర నుంచే కేకేశాడు.

పరీక్షల ఆఫీసులో ప్రశ్నపత్రాలు టైపు చేసే అమ్మాయిని అంతా చుక్క అనే పిలుస్తారు. వాక్యం చివర చుక్క పెట్టడం ఏనాడూ మరవదని ఆ ముద్దుపేరు. ఆమె బల్ల కిటికీ పక్కన ఉంటుంది.

అటెండరు నేల మీది సుద్దగీత దాటి వచ్చి గ్లాసు పెట్టాడు. ఫిజిక్సు జవాబుల కట్టలు విప్పిన రోజు నుంచి ఆ గదిలో కాలం రెండుగా నడుస్తోంది. తలుపు వైపు ఆరు నిమిషాలు గడిస్తే కిటికీ వైపు పది గడుస్తాయి. పేపర్లు దిద్దే పంతుళ్లకి రెండ్రోజుల్లో అలవాటైపోయింది. అటెండరే మధ్యలో గీత గీసి, అటొకటి ఇటొకటి గడియారం తగిలించాడు. పెళ్లి కావాల్సినవాళ్లు తలుపు వైపు కూర్చోండి, ఇటు కూర్చుంటే ముందే జుట్టు నెరుస్తుందని వేళాకోళమాడేవాడు.

చుక్క మాత్రం పని ఆపి ఆ గీతనే చూసేది. ఈగ ఒకటి గీత దాటి అటు వెళ్తే దాని రొద బొంగురుపోయేది. టీ ఆవిరి గీత దాకా వచ్చి, నిద్రలో ఒత్తిగిల్లినట్టు మెల్లగా అటు తిరిగేది. లోకంలో ఇంత వింత ఉందని తనకెవరూ చెప్పలేదే అనుకునేది. అంతలోనే గుండెలో రాయి పడేది. ఇదంతా మూడో ప్రశ్న వల్లే కదా.

మూడో ప్రశ్నలో చెల్లి ఇంట్లో ఉంటుంది. అక్క రాకెట్టెక్కి, కాంతి వేగంలో పదింట ఎనిమిది వంతుల వేగంతో వెళ్లి వస్తుంది. ప్రయాణానికి పదేళ్లు పట్టింది, అక్క వయసు ఎంత పెరిగింది అని ప్రశ్న. ఆ పదేళ్లు ఎవరి గడియారంలోవో అందులో లేదు. ఇంట్లో గడియారంలోవైతే జవాబు ఆరు, రాకెట్టులో గడియారంలోవైతే పది. పిల్లలు సగం మంది అదీ, సగం మంది ఇదీ రాశారు. పెద్ద గొడవైంది.

ప్రశ్న రాసింది ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్న మాస్టారు. ప్రశ్నలు బయటికి పొక్కకుండా, టైపు కాగానే చేతిరాత ప్రతిని ఆ పూటే కాల్చేయాలని ఆఫీసు నియమం. చుక్కే కాల్చింది. అందులో ఏముందో ఆ బూడిదకీ, ఆమెకీ తెలుసు. చెబితే ఆమెది టెంపరరీ ఉద్యోగం, సాయంత్రానికల్లా ఊడుతుంది.

ఈరోజు పరీక్షల కంట్రోలరు గారు మరో నలుగురితో తలుపు వైపు పొడవాటి బల్ల దగ్గర కూర్చున్నారు. మాస్టారు అజాగ్రత్తగా ప్రశ్న రాశారనీ, ఇక పాఠం చెప్పడానికి పనికిరారనీ ఆర్డరు. దాన్ని టైపు చేసింది కూడా చుక్కే. అటెండరు ఆ కాగితం తీసుకెళ్లి ఇచ్చాడు. కంట్రోలరు గారు ఏదైనా అక్షరం అక్షరం చదివి గానీ సంతకం పెట్టరు. మాస్టారు వచ్చి చుక్క బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

ఆరు నిమిషాలు చుక్క తల ఎత్తలేదు. కీబోర్డు మీద చేతులు పెట్టుకుని, ఏమీ కొట్టకుండా ఉండిపోయింది. ఎత్తి చూస్తే గీతకి అవతల కంట్రోలరు గారి వేలు ఇంకా కాగితం మధ్యలోనే పాకుతోంది. ఆ ఆరు నిమిషాలూ తను అటు వైపు కూర్చుని ఉంటే ఈపాటికి అంతా అయిపోయేది.

అప్పుడు మాస్టారు మెల్లగా అన్నారు. "ఎవరి గడియారమో రాశాననే అనుకున్నానమ్మాయ్. మొదట్లో కళ్లు మూసుకుంటే ఆ మాటలు కనపడేవి. ఇప్పుడు కనపడ్డం లేదు. మరిచిపోయే ఉంటాను. ఇంక నేను బోర్డు ముందు నిలబడకపోవడమే మంచిదిలే."

ఆయన గీత వైపే చూస్తున్నారు. ఆ ముఖంలో దిగులు లేదు, మొదటిసారి సముద్రం చూసిన పిల్లాడిలా ఉంది.

"ముప్పై ఏళ్లు సుద్దముక్కతో చెప్పాను. కళ్లారా చూడ్డం ఇదే. ఎంత బావుందో చూడు."

అటు వైపు కంట్రోలరు గారి చేతిలో పెన్ను మూత ఊడుతోంది, మొగ్గ విచ్చుకుంటున్నంత నెమ్మదిగా.

చుక్క లేచింది. గీత దాటుతుంటే ఏట్లోకి దిగినట్టు పాదాల నుంచి చల్లదనం పాకింది. వెనక్కి తిరిగితే కిటికీలో ఆకులు గబగబా ఊగుతున్నాయి, మాస్టారి రెప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఆయన వయసు తన కళ్ల ముందే పరుగెడుతోంది. ఒక్క క్షణం కూడా వృథా చేయకూడదనిపించింది.

పెన్ను ములుక్కీ కాగితానికీ నువ్వుగింజంత ఎడముంది.

"ఏమ్మా, టైపులో ఏమైనా తప్పు పడిందా?" అన్నారు కంట్రోలరు గారు.

"పడిందండి. ఈ కాగితంలో కాదు, ప్రశ్నపత్రంలో. 'ఇంట్లో గడియారం ప్రకారం' అని మాస్టారు రాశారు. నా కళ్లతో చదివాను. ఆ మాటలతో పేజీ కింద ఒక లైను ఎక్కువైంది. పదేళ్లంటే ఎక్కడైనా పదేళ్లే కదా అనుకుని, నేనే తీసేశానండి."