ఎలుకలమ్మ జాలి

ఎలుకలమ్మ సీసాను వెలుతురుకెత్తి వంచింది. గులాబీరంగు ద్రవం పసుపుకు తిరిగింది. అందులో పెరిగే కణాలు కడుపునిండా తిన్నాయన్నమాట. ఆమె మొహం మాత్రం మాడింది. కష్టం లేకుండా చేతికొచ్చిన లాభాన్ని ఆమె ఏనాడూ నమ్మలేదు.

ఆమె ఎలుకను ముట్టి ఎరగదు. ఎలుక కణాల్లోకి మనిషి క్రోమోజోమ్‌ను చేర్చే పనిలో తల నెరిసింది. అది చూసి గాజుసామాను కడిగే పిన్ని పెట్టిన పేరది. ఎలుక కణానికి ఆ క్రోమోజోమ్ పరాయి మూట. అందుకని, ఒక మందును తట్టుకునే గుణాన్ని ఆ మూటలోనే పెట్టి, మందు కలిపిన ద్రవంలో పెంచుతారు. మూట మోసే కణమే బతుకుతుంది. మందు ఆపితే, అవసరం తీరాక చుట్టాన్ని మరిచినట్టు మూటను వదిలేస్తుంది.

ఇదంతా తెలిసిన మనిషే పోయినవారం మందు ఆపింది. మందు ఘాటుకు కణాలు ముడుచుకుపోయి, అడుగు వదిలి తేలుతుంటే చూడలేకపోయింది. కాస్త తేరుకోనిద్దాం, మళ్లీ వేద్దాం అనుకుంది. ఫ్రీజర్లో దాచినవి ముందే చెడ్డాయి. మిగిలింది ఈ సీసా ఒక్కటే. ఇదీ పోతే విభాగం మూసేస్తామని పైవాళ్లు తేల్చేశారు.

"ఏమ్మా ఎలుకలమ్మా, పిల్లలు బొద్దుగా ఉన్నారంట! సారు తెగ మురిసిపోతున్నాడు," అంది పిన్ని గుమ్మంలోంచి.

"బొద్దయితే ఏం లాభం పిన్నీ, లోపల సరుకుండాలిగా."

మైక్రోస్కోపు కింద ఎలుక క్రోమోజోములు తలపిన్నుల్లా ఒక కొసనే కలిసి ఉంటాయి. ఆమె ఎక్కించిన మనిషిది నడుం దగ్గర కలిసి, కాళ్లూ చేతులూ చాచుకుని ఉంటుంది. పొద్దుగూకేదాకా స్లైడు మార్చి స్లైడు వెతికింది. అన్నీ తలపిన్నులే.

"దొంగ పీనుగుల్లారా! తిండి తిని మూట పారేస్తారా?" అని పళ్లు కొరికింది.

విభాగం చూసే సారు నవ్వుతూ వచ్చాడు. "ప్యాక్ చేద్దామా అమ్మా? ఈ కణాల కోసం అవతలి ల్యాబువాళ్లు తొందరపెడుతున్నారు."

నోరు మూసుకుంటే ఇంకొన్నాళ్లు కొలువు నిలుస్తుంది. ఆమెకు ఆ లెక్క తెలియక కాదు.

"ఖాళీ గోతాం కుట్టి పంపినట్టే సార్. మనిషిది ఒక్కటీ లేదు. మందు నేనే ఆపాను."

"నువ్వా? ఎందుకు?"

"చచ్చిపోతున్నాయి సార్. చెయ్యి ఆగలేదు."

"కణాల మీద కూడా జాలేంటమ్మా!" ఆయన గొంతు లేచింది. "నేనిప్పుడు పైవాళ్లకేం చెప్పను?"

ఆమె సీసాలో బ్లీచింగ్ ద్రవం పోసింది. పసుపు విరిగి నీళ్లయింది. బొద్దుగా ఉన్న కణాలు నుసిలా లేచి, తిరిగి, అణిగాయి. పిన్ని కడగడానికి సీసా అందుకుంది. ఎలుకలమ్మ దీపం ఆర్పి, వరండాలో చెప్పులు తొడుక్కుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

మైక్రోస్కోపు ముందు స్టూలు మీద, ఎత్తు చాలక ఆమె మడిచి వేసుకున్న పాత దుప్పటి ముక్క, నడిమి గుంట అలాగే ఉండి, ఒక పక్కకు కొంచెం ఒరిగి ఉంది.